కనపడుతోంది కదా, ఇంక అద్దాలెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ప్లస్ పవర్ గురించే. పుస్తకాల్లో దీర్ఘదృష్టి అంటారు, డాక్టరు చీటీలో హైపరోపియా అని రాస్తారు, అద్దాల షాపులో ప్లస్ అంటారు, మూడూ ఒకటే. ఒకే రకం ఉత్తరాలను కలిపేసి, జవాబు ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి రాస్తున్నా.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. పుస్తకం చూసేటప్పుడు ఎడమ కన్ను ముక్కువైపు పోతోందని చూపిస్తే, మూడు రోజులు కళ్ళలో మందు రాయమని, తర్వాత పరీక్ష చేసి కుడికి ప్లస్ 4, ఎడమకి ప్లస్ 5.5 అన్నారు. బడిలో చార్టు చదివిస్తే మాత్రం కింది వరస దాకా గడగడా చదివాడు. బాగా కనపడే పిల్లోడికి సోడాబుడ్డి అద్దాలేంది అని మా అత్తగారు గొడవ. పైగా అద్దాలు వాడినప్పటి నుంచి, అవి తీస్తే మెల్ల ముందుకంటే ఎక్కువగా కనిపిస్తోంది. ఆపేద్దామా? పవర్ ఎప్పటికైనా పూర్తిగా పోతుందా? (ఒక తల్లి, కావలి)

ఆపొద్దమ్మా. ఈ జవాబు మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు, వాడు చార్టు చదివిన తీరు చూస్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

పుట్టినప్పుడు బిడ్డ కన్ను ముందు నుంచి వెనక్కి 16, 17 మిల్లీమీటర్లే ఉంటుంది, పెద్దయ్యేసరికి 24 దగ్గరికి వస్తుంది. కన్ను పొట్టిగా ఉన్నప్పుడు, లోపలికి వచ్చిన వెలుతురు రెటీనా మీద కలవకుండా దాని వెనక కలిసేట్టు పోతుంది, అదే ప్లస్. అందుకే పసిబిడ్డలకి రెండు దాకా ప్లస్ ఉండటం మామూలు, కన్ను పెరిగేకొద్దీ బడి వయసుకి చాలామందికి అది తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ఒక్క మిల్లీమీటరు పొట్టిగా ఉండిపోయినా సుమారు మూడు పవర్ తేడా వస్తుంది, మీ వాడిది ఆ బాపతు.

మరి చార్టు ఎట్లా చదివాడు? కంటి కటకం చుట్టూ చిన్న కండరం ఒకటుంది. అది బిగిస్తే కటకం లావవుతుంది, అంటే కన్ను తనకు కావాల్సిన ప్లస్ తానే పుట్టించుకుంటుంది. పవర్ లేనివాళ్ళకి దూరం చూసేటప్పుడు ఆ కండరంతో పని లేదు, అడుగు పైచిలుకు దూరంలో పుస్తకం పెట్టుకుంటే మాత్రం మూడు పుట్టించాలి. మీ వాడికి దూరాన ఉన్న చార్టుకే నాలుగు కావాలి, పుస్తకం తెరిస్తే ఏడు కావాలి. ఆరేళ్ళ పిల్లలకి పది పైనే పుట్టించే సత్తువ ఉంటుంది కాబట్టి చదివేస్తాడు. చదివాడు కాబట్టి పవర్ లేదనుకోవడం, నిండు బిందె నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మనిషి పడిపోలేదు కాబట్టి బిందె ఖాళీ అనుకున్నట్టే.

ఇంకోటి, బడిలో రెండు కళ్ళూ తెరిచి చదివించారా, ఒక్కో కన్నూ మూసి చదివించారా కనుక్కోండి. హడావుడిలో రెండూ తెరిచే చదివిస్తుంటారు, అప్పుడు బాగున్న కన్ను పరీక్ష పాసవుతుంది, రెండోదాని సంగతి ఎవరికీ తెలీదు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో కంటి వెలుగు పెట్టినప్పుడు మొదట బడిపిల్లలకే చేశారు, అది మంచి పనే, ఎంతోమందికి మైనస్ పవర్ అట్లాంటి చోటే బయటపడుతుంది. కానీ దూరం చార్టు ఒక్కటే చూస్తే ప్లస్ దాక్కుంటుంది. పిల్లాడి కంటి ముందు ప్లస్ 2 అద్దం పెట్టి అదే చార్టు చదవమంటే, పవర్ లేనివాడు మసకగా ఉందంటాడు, ప్లస్ ఉన్నవాడు హాయిగా చదువుతాడు. నిమిషం పట్టే ఈ చిన్న పరీక్షను బడి క్యాంపుల్లో కలిపితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక మెల్ల సంగతి. దగ్గర చూడటానికి కండరం ఎంత బిగిస్తే కళ్ళు రెండూ అంత లోపలికి తిరుగుతాయి, ఆ రెండు పనులకీ లంకె ఉంది. ఏడు పవర్ పుట్టించే కంటికి తిరుగుడు ఎక్కువైపోయి ఒక కన్ను ముక్కువైపు పోతుంది. రెండు, మూడేళ్ళ వయసులో మొదలయ్యే మెల్లకన్ను చాలామందికి ఇట్లాంటిదే. ఆ పని అద్దం చేసి పెడితే కండరం సడలుతుంది, కన్ను నిలబడుతుంది. అద్దం తీయగానే తెరిపిగా చూడటం అలవాటైన బిడ్డ మళ్ళీ బలమంతా పెట్టి చూస్తాడు, అందుకని మెల్ల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని తెచ్చింది అద్దాలు కాదమ్మా. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా అద్దాలు ఉండాలి, ఆటలప్పుడు కూడా. అద్దాలు పెట్టుకున్నా ఇంకా కొంత మెల్ల మిగిలితే, ఆ మిగిలినదానికే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఎడమ కంటికి పవర్ ఎక్కువ ఉంది కాబట్టి అసలు జాగ్రత్త అక్కడ కావాలి. రెండు కళ్ళ నుంచి వేర్వేరు బొమ్మలు వస్తుంటే మెదడు మసకదాన్ని పక్కన పెట్టేస్తుంది, ఆ కన్ను నేర్చుకోవడం మానేస్తుంది, దీన్నే సోమరి కన్ను అంటారు. ముందు కొన్ని వారాలు అద్దాలతోనే చూస్తారు, చాలినంత మెరుగు లేకపోతే బాగున్న కంటికి ప్యాచ్ అంటిస్తారు. చూపు ఎంత తగ్గిందనేదాన్ని బట్టి రోజుకి రెండు గంటలో, ఆరు గంటలో డాక్టరే చెప్తారు. ప్యాచ్ చర్మానికి అతికేదే వాడండి, అద్దానికి గుడ్డ చుడితే పిల్లలు సందులోంచి తొంగి చూస్తారు. ఏడేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగా వస్తుంది, ఆ తర్వాత కూడా కొంత వస్తుంది గానీ కష్టపడాలి. కాబట్టి పెద్దయ్యాక చూద్దాంలే అనే మాట ఇక్కడ పనికిరాదు.

మందు గురించి కూడా చెప్తా, ఎందుకంటే మీలాగే ఆత్మకూరు నుంచి ఒకామె ఆ మందు కంట్లో పెట్టాక పిల్లకు చూపు పోయిందని హడలిపోయి రాసింది. అట్రోపిన్ అనే ఈ మందు కటకం చుట్టూ ఉన్న ఆ కండరాన్ని పూర్తిగా సడలిస్తుంది, అప్పుడుగానీ దాగి ఉన్న ప్లస్ అంతా బయటికి రాదు. ఆ ప్రభావం వారం, ఒక్కోసారి రెండు వారాలు ఉంటుంది, అన్నాళ్ళూ కనుపాప పెద్దగా ఉంటుంది, ఎండలో కళ్ళు తెరవలేరు, దగ్గరివి మసక. టోపీ పెట్టండి, హోంవర్కు విషయం టీచరుకు చెప్పండి. మొహం ఎర్రబడి, నోరు ఎండిపోయి, ఒళ్ళు కాలితే మాత్రం మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

అద్దాలు సోడాబుడ్డిలా ఉన్నాయంటే ఫ్రేమ్ పెద్దది తీసుకున్నారేమో చూడండి. పెరిగే పిల్లోడు కదా అని రెండేళ్ళకి సరిపడా చొక్కా కుట్టించినట్టు ఫ్రేమ్ కూడా పెద్దది కొంటారు. ప్లస్ అద్దం మధ్యలో లావు, అంచుల్లో పల్చన, కాబట్టి ఫ్రేమ్ ఎంత వెడల్పయితే మధ్యలో అంత మందం వస్తుంది. కనుపాప అద్దం నడిమధ్యకు వచ్చేట్టు చిన్న ఫ్రేమ్, పగలని పాలికార్బొనేట్ అద్దం తీసుకోండి, బరువూ తగ్గుతుంది, చూడటానికీ బాగుంటాడు. పవర్ పూర్తిగా పోతుందా అని చివర్లో అడిగారు. పెరిగేకొద్దీ కొంత తగ్గొచ్చు, నాలుగు పైన ఉన్నవాళ్ళకి మొత్తం పోవడం అరుదు.

ప్రశ్న: నాకు 34. ఒంగోలులో ఆడిటరు దగ్గర పని. మధ్యాహ్నం మూడు దాటితే నుదురు, కళ్ళు లాగేస్తాయి, అంకెలు అలికినట్టవుతాయి, ఒక్క క్షణం కళ్ళు మూసి తెరిస్తే మళ్ళీ సరి. బ్రెయిన్ స్కాన్ కూడా అయింది, ఏమీ లేదు. ఇప్పుడు ప్లస్ 1.5 అన్నారు. దూరం నాకు డేగలాగా కనపడుతుంది. అద్దాలు ఒకసారి మొదలుపెడితే ఇక వదలవని స్నేహితులు భయపెడుతున్నారు. (ఒంగోలు)

స్కాన్‌కి పెట్టిన డబ్బుతో ఎన్ని జతల అద్దాలు వచ్చేవో! పోనీలే తమ్ముడూ, టెన్షన్ అయినా పోయింది కదా.

ఆ ఒకటిన్నర చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు పుట్టింది కాదు. వయసుతో పాటు కటకం గట్టిపడుతుంది, పదేళ్ళ వయసులో ఉన్న సత్తువ ముప్ఫై నాలుగుకి సగం దాకా పడిపోతుంది. ఉన్నదాంట్లో సగం వరకు వాడుకుంటే కంటికి సుఖం, అంతకుమించి గంటల తరబడి వాడితే సాయంత్రానికి మొరాయిస్తుంది. మీ స్క్రీను, లెడ్జరు దూరానికి అందరికీ అయ్యే ఖర్చు రెండున్నర అనుకుంటే, మీకు దాని పైన ఇంకో ఒకటిన్నర. ఆదివారం తలనొప్పి ఉండదు, మార్చి నెలాఖరుకి ప్రాణం తీస్తుంది, అవునా కాదా?

అద్దాలు మొదటి వారంలో దూరం కొంచెం మసక అనిపిస్తాయి, ఏళ్ళ తరబడి బిగించడానికి అలవాటుపడ్డ కండరం వెంటనే సడలదు. అది చూసి పవర్ తప్పిచ్చారని తిరిగి పట్టుకెళ్ళే వాళ్ళు చాలామంది. రెండు, మూడు వారాలు ఓపిక పట్టండి, అప్పటికీ కుదరకపోతే చూపించుకోండి. ఇక వదలవన్న మాట, అలవాటయ్యేది అద్దం కాదు, తలనొప్పి లేకుండా ఉండటం. వాడినా వాడకపోయినా కంటి పొడవు మారదు, పవర్ పెరగదు. పని వేళల్లో పెట్టుకుని బండి మీద ఇంటికి పోయేటప్పుడు తీసేసినా నష్టమేమీ లేదు.

ప్రశ్న: నెల్లూరు ఆచారి వీధిలో రాళ్ళు పొదిగే పని చేస్తాను. 46 ఏళ్ళు. రోడ్డు పక్కన కొన్న ప్లస్ 1.5 అద్దాలతో పేపరు బాగా చదువుతా, రాయి మీదికి వంగితే మాత్రం చెదిరిపోతుంది. నాది చత్వారమా, దీర్ఘదృష్టా? (నెల్లూరు)

అన్నా, కటకం గట్టిపడి దగ్గర చూపు తగ్గడం చత్వారం, అది నలభై దాటాక అందరికీ వస్తుంది. కన్ను పొట్టిగా ఉండటం దీర్ఘదృష్టి, అది కొందరికే. రెండూ ఉన్నవాళ్ళకి చత్వారం ముందే, ముప్ఫై ఏడుకో ముప్ఫై ఎనిమిదికో వచ్చినట్టు అనిపిస్తుంది. మీకు పేపరు ఒకటిన్నరతో బాగుంది కాబట్టి మామూలు చత్వారమే కావొచ్చు, అయినా ఒకసారి దూరం పవర్ కూడా చూపించుకోండి.

రాయి చెదరడానికి కారణం వేరే. పేపరు పట్టుకునేది 40 సెంటీమీటర్ల దూరంలో, రాయి చూసేది జానెడు దూరంలో. 40 సెంటీమీటర్లకి రెండున్నర పవర్ చాలు, 20కి ఐదు కావాలి. షాపుల్లో అద్దాలు పేపరు దూరానికి లెక్కేసి ఇస్తారు. పరీక్షకి పోయేటప్పుడు మీ పట్కారు, ఒక రాయి జేబులో వేసుకుని పోండి, మీరు పని చేసే భంగిమలో కూర్చుని, అది అక్కడ స్పష్టంగా కనపడే అద్దం అడగండి. పనికి ఒక జత, చదవడానికి ఒక జత పెట్టుకుంటే సరి. రోడ్డు పక్కవి కన్ను పాడు చేయవు, అదొట్టి భయం. వాటికి ఉన్న లోటు, రెండు కళ్ళకీ ఒకే పవర్ ఉంటుంది, అడ్డం పవర్ (చీటీలో సిలిండర్ అని రాసేది) ఉండదు, మీ కళ్ళ మధ్య దూరానికి సరిపడకపోవచ్చు. దర్జీలకి, చేనేత వాళ్ళకి కూడా ఈ దూరం లెక్కే వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు 23, ప్లస్ 3. సంబంధాలు చూస్తున్నారు, లేజర్ చేయించుకుంటే అద్దాలు పూర్తిగా పోతాయా? (గూడూరు)

పోవచ్చు, కానీ మైనస్ వాళ్ళకి కుదిరినంత తేలిగ్గా కాదు. మైనస్‌కి కంటి ముందు పొరను మధ్యలో చెక్కి చదును చేస్తారు, ప్లస్‌కి చుట్టూ చెక్కి మధ్యలో ఉబ్బెత్తు చేయాలి, ఆ ఆకారం నిలబడటం కష్టం, కొన్నేళ్ళలో కొంత పవర్ వెనక్కి రావడం ఎక్కువ. మూడు వరకు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, ఎక్కువయ్యేకొద్దీ వెనకాడతారు. చుక్కలు వేసి మొత్తం ప్లస్ ఎంతో కొలవకుండా లేజర్ చేస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయమ్మా. చేయించుకున్నా నలభై దాటాక చదవడానికి అద్దాలు వస్తాయి, అది లేజర్ తప్పు కాదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టి ముందు ఆర్నెల్లు చూడు, అద్దాలు లేని ముఖం నీకే నచ్చుతుందో లేదో తెలుస్తుంది. సంబంధాల కోసమే అయితే, కళ్ళజోడు చూసి వెనక్కి పోయే పెళ్ళికొడుకు పోతే పోనీ.

ప్రశ్న: మా అమ్మకు 58. చాలా ఏళ్ళుగా ప్లస్ అద్దాలు. ఈమధ్య చీకటి పడ్డాక ఒక పక్క తలనొప్పి, బల్బు చుట్టూ రంగుల చక్రాలు కనపడుతున్నాయి అంటుంది, పడుకుంటే తగ్గుతుంది. కంటి డాక్టరు రెండు కళ్ళకీ లేజరుతో చిన్న రంధ్రం పెట్టాలన్నారు. చూపు బాగానే ఉంది, ఇది అవసరమా, డబ్బుల కోసమా? (కనిగిరి)

అవసరమే, ఈ వారంలోనే చేయించండి. ఈ పేజీ చదివేవాళ్ళు మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

పొట్టి కంట్లో ముందు గది ఇరుకు. కంట్లో ఊరే నీళ్ళు ఆ గది మూలల్లో ఉన్న జాలిలాంటి దారిలోంచి బయటికి పోవాలి. వయసుతో కటకం లావెక్కి నల్లగుడ్డు పొరను ముందుకు నెడుతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. చీకట్లో కనుపాప పెద్దదయినప్పుడు ఆ పొర మడతపడి దారికి అడ్డం పడుతుంది, నీళ్ళు పోక ఒత్తిడి పెరుగుతుంది, అదే తలనొప్పి, అవే రంగుల చక్రాలు. నిద్రలో కనుపాప చిన్నదయి దారి తెరుచుకుంటుంది, అందుకే పడుకుంటే తగ్గుతోంది. ఏదో ఒక రాత్రి తెరుచుకోదు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే ఒత్తిడి 50 దాటిపోతుంది, కన్ను ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు అవుతాయి. వాంతులు చూసి గ్యాస్ అనో బీపీ అనో ఇంజెక్షను చేసి పంపేస్తే, తెల్లారేసరికి పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. నీటికాసుల్లో (గ్లాకోమాలో) ఇది ముంచుకొచ్చే రకం. యాభై దాటిన ఆడవాళ్ళలో, ప్లస్ పవర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ.

లేజరంటే కోత కాదు. కనుపాప చిన్నదయ్యే చుక్కలు వేసి, తిమ్మిరి మందు వేసి, కుర్చీలో కూర్చోబెట్టి నిమిషాల్లో చేసి పంపేస్తారు, అదే రోజు ఇంటికి. ఆ చిన్న రంధ్రం గుండా నీళ్ళకి ఇంకో దారి దొరుకుతుంది. రెండో కన్నూ అదే కొలతతో ఉంటుంది కాబట్టి దానికీ చేస్తారు. ఈలోగా జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోనివ్వొద్దు, వాటిలో కొన్ని కనుపాపను పెద్దది చేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా కంటి సంగతి ముందే చెప్పమనండి. రాత్రిపూట నొప్పి తగ్గకపోతే ఉదయం దాకా ఆగొద్దు, ఒంగోలు పెద్దాసుపత్రికి బయల్దేరండి.

ప్రశ్న: కంటి వ్యాయామాలతో, పొన్నగంటి కూరతో ప్లస్ పోతుందా? చుక్కల మందు వచ్చిందట కదా? (బుచ్చిరెడ్డిపాళెం, పొదిలి, ఇంకా చాలామంది)

పొన్నగంటి కూర పప్పులో బాగుంటుంది, వారానికి రెండుసార్లు తినండి. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, మా ఇంట్లోనూ పెట్టుకుంటారు. కన్ను పొడవును ఇవేవీ పెంచవు. తేనె, చనుబాలు మాత్రం కంట్లో వేయొద్దు, పుండ్లు పడి వచ్చినవాళ్ళు ఉన్నారు. చుక్కలు చత్వారానికి, అది కూడా కనుపాపను కొన్ని గంటలు చిన్నది చేసి దగ్గర చూపు తెప్పించేవి. అట్లాంటిదే ఒకటి మన దేశంలో అద్దాలే అక్కర్లేదన్నంత ప్రచారం చేసుకుంటే 2024 సెప్టెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి దాని అనుమతిని నిలిపివేశారు. ప్లస్ పవర్‌ని పోగొట్టే చుక్క లేదు.

ప్రశ్న: మా తాతకు 72. నలభై ఏళ్ళుగా ప్లస్ అద్దాలు లేనిదే అక్షరం కనపడేది కాదు, ఇప్పుడు అవి తీసేసి పేపరు చదువుతున్నాడు. చూపు తిరిగొచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నాడు. నిజమేనా? (కందుకూరు)

పేపరు చదవడం నిజమే. శుక్లం మొదలై కటకం మధ్యలో చిక్కబడితే కన్ను మైనస్ వైపు జరుగుతుంది, ఆ మైనస్ వల్ల దగ్గర తేటపడుతుంది. దూరం ఎట్లా ఉందో అడగండి, బస్సు బోర్డు చదవలేకపోతుంటే ఇదే. షుగర్ బాగా పెరిగినా ఇట్లాగే జరుగుతుంది, కాబట్టి ముందు షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ మందు మొదలుపెట్టి ఒక్కసారిగా తగ్గితే దీనికి తలకిందులుగా కొన్ని వారాలు ప్లస్ పెరిగినట్టు ఉంటుంది, ఆ సమయంలో కొత్త అద్దాలకి డబ్బులు తగలేయొద్దు, షుగర్ నిలకడగా ఉన్నాక పవర్ చూపించండి. శుక్లమే అయితే తొందరేమీ లేదు, దూరం చూపుతో పనులు ఆగిపోతున్నాయని ఆయనకి అనిపించినప్పుడు ఆపరేషన్. అప్పుడు లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కలో పాత ప్లస్ కూడా సరిచేస్తారు, దూరానికి అద్దాలు పోతాయి, పేపరుకి మళ్ళీ పెట్టుకోవాలి. ఆ మాట ఆయనకి ముందే చెప్పండి, లేకపోతే ఆపరేషన్ చెడగొట్టారని ఊరంతా చెప్తాడు.